లాలాగూడకు వచ్చిన జెల్ల

సికింద్రాబాదు స్టేషనులో కాజీపేటవైపు పోవు బండి యెక్కినవారికి, సామాను సర్దుకొని కూర్చుండులోపలనే లాలాగూడ దాటిపోవును. కిటికీనుండి కనబడునవి అల్లిబిల్లిగా నున్న పట్టాలు, పాతగోడలు, మరమ్మతునకై వరుసదీరి నిలిచిన బండిపెట్టెలు మాత్రమే. కాని యిచ్చట కాపురముండు మాబోటివారికి లాలాగూడ యొక చిన్న దేశము. 1893వ సంవత్సరమున నైజాము గ్యారంటీడు స్టేటు రైల్వేవారు బండ్లను బాగుచేయు కార్ఖానా నిచ్చట స్థాపించిరి. 1930లో ఆ రైల్వే నైజాము ప్రభుత్వము చేతికి వచ్చినది; 1951లో మధ్య రైల్వేలో గలసినది; 1966 నుండి దక్షిణ మధ్య రైల్వే క్రింద నున్నది. యజమానులు మారినను కార్ఖానా మాత్రము నేటికిని నడచుచునే యున్నది.

రైలు ఏయే యూళ్లకు పోవునో ఆయా యూళ్లవారందఱు మా వరుసయిండ్లలో నుందురు. ఒకరిది జనగామ, ఒకరిది బెజవాడ, ఒకరిది విశాఖ, వేఱొకరిది తమిళదేశము. ఉదయమున వసారాలో నిలుచున్నచో నాలుగుదేశముల పోపువాసనలు ఒక్కమాఱుగా వచ్చును. ఒకరియింటి కూర యింకొకరి పిల్లల కంచములోనికి పోవును. ఇట్టి యిచ్చిపుచ్చుకొనుటయందు రుచులు సులభముగా చేతులు మాఱును. ఆ రుచుల వెనుకనున్న జాగ్రత్తలు అంత సులభముగా మాఱవు. ఈ సంగతి మాకొక చేప నేర్పినది.

మా వీథికి చేప రెండుదారుల వచ్చును. ఒకటి చెరువుచేప. మృగశిరకార్తె ప్రవేశించుదినమున, అనగా జూను 8వ తేదీ ప్రాంతమున, తెలంగాణమున చేప తినుట ఆచారము. తిననివారు ఇంగువను బెల్లముతో గలిపి పుచ్చుకొందురు. నాడు సికింద్రాబాదు చేపలబజారులో కాలు మోపుటకు చోటుండదు. కొఱ్ఱమట్ట, రవ్వు, బొచ్చె మొదలగునవి యిండ్లకు చేరును. రెండవది కడలిచేప. విశాఖ, కాకినాడ రేవులనుండి మంచుగడ్డల నడుమ పెట్టెలలో వచ్చును. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపుపడవలతో వేట నిషిద్ధము. ఆ గడువు తీరినపిమ్మట ఆషాఢపు తొలిజల్లులతోపాటు కడలిచేపయు మా వీథిలో మరల కనబడును.

కొన్నియేండ్ల క్రిందట అట్టి యాషాఢమున నొక మధ్యాహ్నము సైకిలుమీద చేపలమ్మువాడు బేరము ముగించి పోయెను. మా వరుసలో నాలుగవ యింటనున్న యిల్లాలు జనగామవైపు పల్లెనుండి వచ్చినది. నన్ను అక్కా యని పిలుచును. రవికలు కుట్టి సంసారమునకు నాలుగు రూకలు చేర్చుచుండెడిది. చేపను కోయుటలో ఆమెకు సాటి మాలో లేరు. ఆనాడామె కొన్నది జెల్ల, సముద్రపుచేప. నున్నని మేను, పొలుసు లేదు, మూతికి మీసములు. “చూచి కోయుము, ఇది క్రొత్తచేప” అని నేననగా, “మీసాల చేపలు మాకు కొత్తనా అక్కా? మా చెరువుల వాలుగ లేదా?” అని నవ్వుచు కత్తిపీట ముందుకు లాగికొనెను.

చెరువుచేప నెఱిగిన చేయి కడలిచేప నెఱుగలేదు. తల పట్టుకొని కత్తికి ఒత్తునప్పటికి ప్రక్కఱెక్కయందలి ముల్లు బొటనవ్రేలి మొదట దిగబడెను. నెత్తురు పెద్దగా రాలేదు గాని నొప్పి నిమిషములలో మణికట్టుకు, మోచేతికి, చంకకు నెగబ్రాకెను. “తేలు గాదక్కా, పది తేళ్లు కుట్టినట్టున్నది” అని యామె యేడ్చుచుండగా వరుసలోనివారమందఱము చేరితిమి. ఒకావిడ మణికట్టునకు త్రాడు బిగించెను. ఇంకొకావిడ సున్నము పట్టించెను. మంత్రము వేయువారికై యొక కుఱ్ఱవాడు పరుగెత్తెను. నేనును తక్కువ తినలేదు. మంచుగడ్డలు తెచ్చి చేతిమీద పెట్టితిని. ఇట్లు గంటసేపు గడచినది. చేయి గుమ్మడికాయవలె పొంగినది.

తుదకు వైద్యునికడకు తీసికొనిపోయితిమి. ఆయన మొదట త్రాడు కోసివేసెను, సున్నము కడిగించెను, పిమ్మట బొక్కెనలో వేడినీరు తెప్పించి చేతి నందులో నుంచెను. మేము విస్తుపోయితిమి. అరగంట గడచునప్పటికి ఆమె యేడ్పు నిలిచినది. ఎక్సురే తీయగా లోపల ముల్లుకొన విఱిగియున్నట్లు తేలెను. దానిని తీసి ధనుర్వాతము రాకుండ సూదిమందిచ్చిరి. ప్రాణాపాయము లేకుండ గడచెను గాని, మూడువారములవఱకు ఆమె సూదిలో దారమెక్కింపలేకపోయెను. పండుగల రవికలు ఆ యేడు ఇంకొకచోట కుట్టించుకొనిరి. చేయి యే జీవనాధారమైనవారికి ఒక ముల్లు ఎంత ఖరీదో నాడు కన్నులార చూచితిమి.

ఆ చేపను కడలియొడ్డున ప్రతిదినము చేతులతో ఎత్తువారున్నారు గదా, వారెట్లు బ్రదుకుచున్నారని నాకు సందేహము కలిగినది. ఆ మాఘమాసమున మా ఆడపడుచుగారియింట శుభకార్యమునకై భీమునిపట్టణము పోవలసివచ్చినప్పుడు ఆ సందేహమును వెంటబెట్టుకొనియే పోయితిని. సాయంకాలపు గోదావరి యెక్స్‌ప్రెస్సు ఎక్కి, నడిరాత్రి బెజవాడ దాటి, గోదావరిని చీకటిలోనే గడచి, తెల్లవారునప్పటికి విశాఖ చేరితిమి. అచ్చటనుండి భీమిలికి సముద్రమునంటి పోవు దారి కన్నులపండువు. ఒకవైపు కొండలు, వేఱొకవైపు నురుగులు. ఊరు సమీపించుకొలది ఎఱ్ఱమట్టిదిబ్బలు. ఒకప్పుడు డచ్చివారు వర్తకము చేసిన రేవది. వారి సమాధు లిప్పటికిని నిలిచియున్నవి. అచ్చటనే గోస్తనీనది కడలిలో గలియును.

నదీముఖములయందలి బురదనీరు జెల్లలకు ప్రియమైన చోటు. తెల్లవాఱి మా ఆడపడుచుతో నేను ఇసుకలో నడచుచుండగా ఆమె నన్ను చెప్పులు విప్పనీయలేదు. “వలలోనుండి దులిపిన చిన్నజెల్లలు ఇసుకలో పడియుండును వదినా, ఎండిపోయినదానిని త్రొక్కినను ముల్లు దిగును” అనినది. అప్పుడే ఒక ముసలి జాలరి గాలమును లాగుచుండెను. చివర మూరెడు జెల్ల కొట్టుకొనుచున్నది. అతడు దానిని చేతితో పట్టలేదు. దారముతోనే ఎత్తి ఇసుకమీద దింపి, ఒక కఱ్ఱపలకతో తలవెనుక అదిమిపట్టి, ఇనుపపటకారుతో గాలమును త్రిప్పి తీసెను. రెండవచేప గాలమును లోనికి మ్రింగినది. దానికై తడవులాడక దారమునే కోసివేసెను. గాలము పోయినను వ్రేలు దక్కినది.

ప్రక్కనే అతని యిల్లాలు గంప ముందుంచుకొని కూర్చుండెను. నేను మా యింటి యుదంతము చెప్పగా ఆమె తలయూపి, “సచ్చింది గదా అని సెయ్యెట్టకమ్మా. సేప సచ్చినా ముల్లు సావదు” అనెను. పిమ్మట నొక జెల్ల నదిమిపట్టి నాకు చూపెను. ముళ్లు మూడు. ఒకటి వీపుమీది ఱెక్కకు ముందు. రెండు చెంపలవెనుక నున్న ఱెక్కలకు ముందు, కుడియెడమల నొక్కొక్కటి. చేప బెదరినప్పుడు ఈ మూడును నిలువుగా లేచి, తలుపునకు గొళ్లెము పడినట్లు బిగిసికొనును. ఊరక ఒత్తిన వంగవు. చచ్చిన చేపలోగూడ తఱచుగా నట్లే నిలిచియుండును. ముల్లు అంచున రంపపుపండ్లుండును. దానిపైనున్న పలుచని చర్మపుతొడుగులో విషమూరును. ముల్లు గ్రుచ్చుకొనునప్పుడు ఆ తొడుగు చినిగి విషము గాయములోనికి దిగును. ఆమెకీ శాస్త్రమంతయు పనిలేదు. పాతకత్తెరతో మూడుదెబ్బలు, మూడుముళ్లు. వానిని డబ్బాలో వేసికొని, చేపను గంపలోనికి విసరెను. “ముల్లు తియ్యకుండా గంపలో యేస్తే కొన్నోళ్ల ఉసురు మాకు తగుల్తాదమ్మా” అనెను.

ఆ మాట నా మనస్సులో నిలిచిపోయినది. ఆమె గంపనుండి కొన్నవారికి ముల్లులేని చేప దొరకును. ప్రక్కన నిలిచి చెప్పు మనిషియు దొరకును. మంచుపెట్టెలలో మూటలుగా పోవుదాని కట్టి మనిషి యెవరు? చేప గోదావరి దాటి మా లాలాగూడ చేరినది. చేప నెఱిగిన మాట యొడ్డుననే నిలిచిపోయినది.

ఇది మన దేశమునందే గాదు. జెల్లలకు చుట్టమైన యింకొక కడలిచేప గలదు. ప్లోటోసస్ లినియేటస్ అని శాస్త్రజ్ఞులందురు. నల్లని మేనిమీద తలనుండి తోకవఱకు తెల్లని చారలు. మూతిచుట్టు ఎనిమిది మీసములు. తోక చీలియుండక పాముమేనువలె సన్నగిల్లును. జెల్లతోక యట్లుకాక రెండుగా చీలియుండును. చారలచేపకును ముళ్లు మూడే గాని విషము జెల్లకంటె తీవ్రము. అరుదుగా ప్రాణము మీదికి తెచ్చును. దాని పిల్లలు నూఱువఱకు గుంపుగూడి బంతివలె దొర్లుచు పోవును. చూచుటకు ముద్దుగా నుండుటచే పిల్లలు చేయిచాపుదురు, చాపనీయరాదు. హిందూమహాసముద్రమందలి యీ చేప, 1869లో తెఱచిన సూయజు కాలువగుండ పోయి యీ శతాబ్దమున మధ్యధరాసముద్రమున కాపురము పెట్టినది. తరతరములుగా దాని నెఱుగని అచ్చటి జాలరులు వలలనుండి దానిని విడదీయుచు గాయపడుచున్నారు. 2019లో ఐరోపా సమాఖ్యవారు దానిని చొరబడి హానిచేయు పరదేశపుజీవుల పట్టికలో చేర్చిరి. అచ్చటను అంతే: చేప కాలువ దాటినది, తెలివి దాటలేదు.

ఆ తెలివి మన తీరమున క్రొత్తది కాదు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలనుగూర్చి వ్రాసిన గ్రంథము 1803లో లండనున వెలువడినది. మన పాములనుగూర్చి 1796లో గ్రంథము వెలయించినదియు నాయనయే. చేపలకు తీరమున వ్యవహరించు తెలుగుపేళ్లనే ఆంగ్లాక్షరములలో నాయన యుంచెను. 1877లో ఫ్రాన్సిస్ డే యొక కడలిచేపకు పెట్టిన శాస్త్రనామము “ఏరియస్ జెల్ల”. మన జాలరి నోటిమాట ప్రపంచపు గ్రంథములకెక్కినది. మన వంటయింటికి మాత్రము రాలేదు. పేళ్లు ఊరూర మాఱును గనుక, పేరు విని నమ్మరాదు. పొలుసులేని మేను, మూతిమీసములు, ఱెక్కలముందు గట్టిముళ్లు కనబడినచో జెల్లకు చేయు మర్యాదయే దానికిని చేయవలెను.

జెల్లను దుష్టజంతువని తలపరాదు. ఆ ముళ్లు దానికి కవచము. అది మనలను వెదకివచ్చి కుట్టదు. ఈ జాతిలో తల్లి గోలీకాయలంతేసి గ్రుడ్లు పెట్టగా తండ్రిచేప వానిని నోటిలో నుంచుకొని, పొదిగి, పిల్లలు తేఱువఱకు వారములతరబడి తిండి మాని మోయును. ఆ ముసలమ్మ నోరుబ్బిన జెల్లనొకదానిని కఱ్ఱతో నీటిలోనికి త్రోసివేయుట చూచితిని. అమ్మిన డబ్బు వచ్చెడిదే గదాయని నేననగా నవ్వి యూరకుండెను.

ఇంక మన వంటయింటి సంగతి. జెల్ల మాంసము విషము కాదు. విషము ముల్లుతొడుగున నుండును, వండిన వేడికి బలము చెడును. పులుసునకు భయపడనక్కఱలేదు. భయపడవలసినది కోయువేళకే. కొనునప్పుడే ముళ్లు మూడును తీసి యిమ్మని యడుగవలెను. అట్లు తీయనిది యింటికి వచ్చినచో, దానిని సంచిలో చేయిపెట్టి తీయక, పళ్లెములోనికి బోర్లించవలెను. గుడ్డతో పట్టుకొన్నచో చాలుననుకొనరాదు. ముల్లు గుడ్డను లక్ష్యపెట్టదు. పీటకఱ్ఱతోనో అట్లకాడతోనో తల నదిమిపట్టి, బలమైన కత్తెరతోగాని పటకారుతోగాని మొదట ప్రక్కముళ్లను, పిదప వీపుముల్లును మొదలంట త్రుంచవలెను. కత్తిపీటముందుకు చేప అటుపిమ్మటనే రావలెను. త్రుంచిన ముళ్లను చెత్తలో విడిగా పడవేసినచో రేపు దానినెత్తు చేతికి దిగును. మూతగల డబ్బాలో వేసి కట్టి మఱి పాఱవేయవలెను. చేతికి పుండ్లున్నవారు ఈ పని చేయరాదు. ఒంటిజిగురుకూడ గాయమును మండించును. ఆ జిగురును బూడిదతోనో ఉప్పుతోనో రుద్ది కడుగుదురు. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

ఇంత జాగ్రత్తపడినను ముల్లు గ్రుచ్చుకొన్నచో ఏమి చేయవలెను? గాయమును మంచినీటితో కడుగవలెను. పైకి కనబడు ముల్లుముక్క సులభముగా వచ్చినచో తీయవచ్చును, వెదకి గెలుకరాదు. తరువాత వేడినీరు. చంటిబిడ్డకు నీళ్లుపోయునప్పుడు మనము మోచేయి పెట్టి వేడి చూతుము గదా, ఆ పద్ధతియే యిచ్చటను. ఓర్చుకొనగలిగినంత వేడిగానుండవలెను, 45 సెంటిగ్రేడు డిగ్రీలకు మించరాదు. కుట్టినచేతికి తిమ్మిరియెక్కి వేడి తెలియదు, కావున మంచిచేతితోనో ఇంకొకరి మోచేతితోనో పరీక్షింపవలెను. లేనిచో ముల్లుపోటునకు తోడు బొబ్బలు లేచును. చల్లాఱినకొలది వేడినీరు చేర్చుచు అరగంటనుండి గంటన్నరవఱకు ఉంచవచ్చును. గ్రుడ్డులోని తెల్లసొన వేడికి మాఱునట్లు ఈ విషమందలి మాంసకృత్తులును వేడికి చెడునని వైద్యులు చెప్పుదురు. త్రాడు బిగించుట, గాయము కోయుట, నోటితో పీల్చుట, సున్నము పొగాకు పట్టించుట, ఇవన్నియు కీడే చేయును. మేము చేసినవి యివియే గనుక చెప్పు హక్కు నాకున్నది.

నొప్పి తగ్గినదని వైద్యుని మానరాదు. విఱిగిన ముక్క లోపల నిలిచి చీముపట్టవచ్చును. ధనుర్వాతపు సూదిమందు కావలసియుండవచ్చును. మధుమేహముగాని కాలేయవ్యాధిగాని కలవారికి నీటిలోని సూక్ష్మక్రిములవలన గాయము త్వరలో విషమించును. వాపు పైకి ప్రాకినను, జ్వరము వచ్చినను, గాయము నల్లబడినను క్షణము జాగుచేయరాదు. ఊపిరి యాడకున్నను, సొమ్మసిల్లినను, ముల్లు మెడలోగాని రొమ్ములోగాని కడుపులోగాని దిగినను, వేడినీటికి కూడ ఆగక ఆసుపత్రికి పోవలెను.

భీమిలినుండి తిరిగివచ్చిన మఱునాడే మా నాలుగవయింటి యిల్లాలికి ఈ సంగతులన్నియు చెప్పితిని. ఆమె విని కుట్టుమిషనుకడనుండి లేచి, పాతకత్తెర నొకదానిని వెదకి వంటయింటి మేకునకు తగిలించెను. సైకిలుమీద వచ్చు చేపలవానిని ఆపి, ముళ్లు తీయని జెల్ల మా వరుసలో నెవరును కొనమని తెగేసి చెప్పెను. వాడు కొన్నిదినములు గొణిగి, పిమ్మట తానే పటకారు తెచ్చుకొనుట నేర్చెను.

మఱుసటి యాషాఢమున మా వరుసలో ఒకరి క్రొత్తకోడలు పుట్టింటికి పోవుటకు ముందు రెండుదినములు ఇచ్చట నుండెను. ఆ ప్రొద్దు ఎవరో బంధువులు కాకినాడనుండి తెచ్చిన జెల్లలు వసారాలోనికి వచ్చినవి. వానికి ముళ్లు తీయలేదు. పిల్ల ముచ్చటపడి చేయిచాపగా నాలుగవయింటి యిల్లాలు మణికట్టు పట్టి ఆపెను. “ఆగు బిడ్డా. పెండ్లిల మూడుముళ్లు వేయించుకున్నవు గదా, దీనికి గూడ మూడే ముళ్లు. అవ్వి ఎక్కడున్నయో ముందుగాల చూపిస్త, పులుసు సంగతి తర్వాత” అని కత్తెర నందుకొనెను. మేమందఱము నవ్వితిమి. ఆ పిల్ల నవ్వుచునే వంగి, మూడింటిని వ్రేలుపెట్టక లెక్కించెను.